గాజుపెట్టెలో సముద్రం

ముచ్చటపడి ఇంటికి తెచ్చిన రంగుల చేప వారం తిరక్కుండానే ఎందుకు చచ్చిపోతుంది? సముద్రానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కాప్రాలో ఉప్పునీటి అక్వేరియం పెంచడం అయ్యే పనేనా? పగడాన్ని హాల్లో పెట్టుకుంటే అందమా... నేరమా?

'అమ్మా... నీమో పడుకుంది. పిలిస్తే లేవట్లేదు!'

2022 మే నెలలో ఓ పొద్దున మా ఆరేళ్ల అమ్మాయి నన్ను తట్టి లేపి చెప్పిన మాట అది. హాల్లోకి వెళ్లి చూస్తే నిజంగానే పడుకున్నట్టుంది. నారింజ రంగు ఒళ్లు, మూడు తెల్లచారలు, ఇసుక మీద ఓ పక్కకి ఒరిగి... కదలిక లేదు. దాని జత చేప నీటి పైభాగానికి వచ్చి నోరు తెరుచుకుంటూ ఆయాసపడుతోంది. సాయంత్రానికి అదీ పోయింది. కొని తెచ్చి సరిగ్గా ఆరు రోజులు.

మా ఇంట్లో చేపల తొట్టి కొత్తేం కాదు. కాప్రాలో, సైనిక్‌పురిలో, ఏఎస్‌ రావు నగర్లో చాలా ఇళ్లలో ఉన్నట్టే మా ఇంట్లోనూ గోల్డ్‌ ఫిష్‌లు, గప్పీలు ఏళ్ల తరబడి బతికాయి. 2003లో వచ్చిన 'ఫైండింగ్‌ నీమో' సినిమాని మా అమ్మాయి టీవీలో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. పుట్టినరోజుకి ఏం కావాలంటే నీమో కావాలంది. షాపులో అడిగితే, 'ఏముంది మేడమ్‌, నీళ్లలో ఈ ఉప్పు కలపండి, చేపల్ని వెయ్యండి... అంతే!' అన్నారు. అలాగే చేశాం. ఆ 'అంతే' అన్నమాట ఎంత పెద్ద అబద్ధమో తెలుసుకోవడానికి రెండు ప్రాణాలు పోవాల్సొచ్చింది.

చేప చచ్చిపోతే మరోటి తెచ్చి వేసెయ్యడం తేలికే. చాలామంది చేసేది అదే. కానీ 'ఎందుకు చచ్చిపోయింది?' అన్న పిల్ల ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కుంటూ వెళ్తే తెలిసిన సంగతులే ఇవన్నీ.

ఉప్పునీళ్లంటే సముద్రం కాదు!

సముద్రపు నీరు లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలతో ఉంటుంది. అందులో ఎక్కువ భాగం మనం కూరలో వేసుకునే ఉప్పే. అయితే దాంతోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, ఇంకా ఎన్నో ఖనిజాలు ఓ లెక్క ప్రకారం కలిసి ఉంటాయి. అందుకే వంటింటి ఉప్పు కలిపిన నీళ్లలో సముద్రపు చేప బతకదు. అక్వేరియంల కోసమే తయారుచేసిన ఉప్పు దొరుకుతుంది, అదే వాడాలి. వంద లీటర్ల తొట్టికి సుమారు మూడున్నర కిలోలు పడుతుంది.

మరి ఆ ఉప్పుని ఏ నీళ్లలో కలపాలి? ఇక్కడే మనకి మొదటి చిక్కు. మన బోరు నీళ్లు గట్టివి. బకెట్ల అంచున, గీజర్లో పేరుకునే తెల్లటి పొరే అందుకు సాక్ష్యం. నల్లా నీళ్లలో క్లోరిన్‌ ఉంటుంది. ఇవి మనకు పనికొస్తాయిగానీ సముద్ర జీవులకు కాదు. నైట్రేట్లు, సిలికా, పాత పైపుల నుంచి వచ్చే రాగి... ఏది ఎంత ఉందో తెలియని నీళ్లలో ఉప్పు కలిపితే, పునాది తవ్వకుండా గోడ కట్టినట్టే. అందుకే ఆర్వో యంత్రంలో వడకట్టి, ఆపైన డీఅయొనైజేషన్‌ గొట్టం గుండా పంపి, టీడీఎస్‌ మీటర్లో సున్నా చూపించే నీళ్లు తీసుకోవాలి. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్వో నీళ్లు సరిపోవా అంటే, చాలా యంత్రాలు రుచి కోసం కొంత లవణాన్ని అలాగే ఉంచుతాయి. మీటరు పెట్టి చూసుకున్నాకే వాడాలి.

'ఇదంతా ఎందుకు, సూర్యలంక వెళ్లినప్పుడు నాలుగు క్యాన్లు నింపుకొస్తే పోలా?' అని మా ఆయన అన్నారు. తీరాన ఉన్న నీళ్లలో మట్టి, మురుగు, నూనె అన్నీ కలిసి ఉంటాయి. క్యానులో మూతపెట్టి అంత దూరం తెచ్చేసరికి అందులోని సూక్ష్మజీవులు చచ్చి నీరు పాడైపోతుంది. పైగా మన బంగాళాఖాతం సంగతే వేరు. గోదావరి, కృష్ణ లాంటి నదులు వానాకాలంలో కొండంత మంచినీటిని, మట్టిని తెచ్చి పోస్తాయి. దాంతో తీరంలో ఉప్పదనం పడిపోతుంది, నీరు బురదబురదవుతుంది. పగడాలకి తేటనీరు, నిలకడైన ఉప్పు కావాలి. అందుకే ఇంత పొడవైన తీరం ఉన్నా మనకి పెద్ద పగడపు దిబ్బలు లేవు. దేశంలో ముఖ్యంగా అండమాన్‌ నికోబార్‌, లక్షద్వీప్‌, తమిళనాడు వైపు మన్నార్‌ సింధుశాఖ, పాక్‌ అఖాతం, గుజరాత్‌లో కచ్‌ సింధుశాఖల్లోనే ఉన్నాయి.

కంటికి కనిపించని పనివాళ్లు

మా చేపలు చచ్చింది ఉప్పు వల్ల కాదు. వాటి విసర్జనే వాటి ప్రాణం తీసింది.

చేప మొప్పల ద్వారా అమ్మోనియాని వదులుతుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా అమ్మోనియానే. ఇది విషం. సముద్రంలో అయితే అంత నీళ్లలో కలిసిపోతుంది. వంద లీటర్ల పెట్టెలో ఎక్కడికి పోతుంది? దాన్ని తినే బ్యాక్టీరియా ఒకటుంది. అది అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది అంత ప్రమాదం కాదు, వారానికోసారి పదో వంతు నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది.

ఈ పనివాళ్లు కొత్త తొట్టిలో ఉండరు. రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టర్లో వాళ్ల కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ తొట్టిలో చేప ఉండకూడదు. బ్యాక్టీరియాకి మేతగా ఓ చిన్న పచ్చిరొయ్య ముక్క వేసి, పరీక్ష కిట్‌తో రెండు మూడు రోజులకోసారి నీళ్లు చూసుకోవాలి. అమ్మోనియా పెరుగుతుంది, తగ్గుతుంది. తర్వాత నైట్రైట్‌ పెరుగుతుంది, తగ్గుతుంది. రెండూ సున్నాకొచ్చి నైట్రేట్‌ కనిపించిన రోజు... తొట్టి సిద్ధమైనట్టు. మేం మొదటిరోజే చేపల్ని వేశాం!

మరి గప్పీలు ఇలాగే వేసినా బతికాయి కదా? దానికీ కారణముంది. సముద్రపు నీటి పీహెచ్‌ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది. నీటికి క్షారగుణం పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ముదురుతుంది. మంచినీటి తొట్టి క్షమించే తప్పుని ఉప్పునీటి తొట్టి క్షమించదు.

ఇదంతా పుస్తకాల్లో సంగతి అనుకోనక్కర్లేదు. మా కాప్రా చెరువు గట్టు మీద నిలబడితే ఇదే పాఠం పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. మురుగు కలిసిన చెరువులో గుర్రపుడెక్క ఎందుకు పచ్చగా పరుచుకుంటుంది? మురుగులోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు కాబట్టి. తొట్టిలో మేత ఎక్కువ వేస్తే గాజుకి, రాళ్లకి పాచి పట్టేదీ అందుకే. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినెయ్యగలిగినంతే వెయ్యాలి. పిల్లలకి ఇది నేర్పడమే కష్టం. 'పాపం, ఆకలేస్తోందేమో' అని వాళ్లు వేసే గుప్పెడు మేతే చేపలకి గండం.

మిగిలిన మలినాన్ని తియ్యడానికి ప్రొటీన్‌ స్కిమ్మర్‌ అనే పరికరం ఉంది. పప్పు ఉడుకుతుంటే పైకి తేలిన నురగని గరిటెతో తీసేస్తాం చూడండి... అదే పని. సన్నటి గాలిబుడగలకి మలినాలు అంటుకుని పైకొస్తాయి. చిన్న గిన్నెలోకి చేరిన ఆ గోధుమరంగు నురగని రోజూ పారబొయ్యడమే.

మే నెల గండం

ఈసారి తొందరపడలేదు. తొట్టిని కుదురుకోనిచ్చి, 2023 మార్చిలో మరో జత తెచ్చాం. రెండు నెలలు బాగానే గడిచింది. మళ్లీ మే వచ్చింది.

బయట 42 డిగ్రీలు. తొట్టిలో నీళ్లు 31కి చేరాయి. సముద్రపు చేపలకి, పగడాలకి 24 నుంచి 27 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. పైన చిన్న ఫ్యాను పెట్టాం. మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టే, ఆవిరవుతూ తొట్టి రెండు మూడు డిగ్రీలు చల్లబడింది. సంతోషించాం. రోజుకు రెండు లీటర్లు తగ్గుతున్నాయి. తగ్గినప్పుడల్లా ముందే కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్లు పోస్తూ వచ్చాం.

పది రోజులకి నత్తలు కదలడం మానేశాయి. చేపలు మేత ముట్టలేదు. అప్పుడు గానీ ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ బయటికి తియ్యలేదు. 35 ఉండాల్సింది 42 చూపించింది!

లెక్క చాలా చిన్నది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు కాదు. తొట్టిలో మూడున్నర కిలోల ఉప్పు అలాగే ఉంది. మేం రోజూ పోసిన రెండు లీటర్లలో 70 గ్రాములు. పది రోజులకి 700 గ్రాములు అదనం. ఉప్పు మళ్ల దగ్గర రైతులు చేసే పనే మేం ఇంట్లో చేశాం! ఆవిరైన నీటికి బదులుగా పొయ్యాల్సింది ఉప్పు లేని స్వచ్ఛమైన నీళ్లు. ఉప్పునీళ్లు పొయ్యాల్సింది, నీళ్లు మార్చినప్పుడు మాత్రమే. కొంచెం కొంచెంగా నాలుగు రోజులపాటు సరిచేసుకుంటూ వచ్చాం. రెండు నత్తలు పోయాయి. చేపలు దక్కాయి.

మన ఊళ్లో ఇంకో గండం కరెంటు. గాలివానకి చెట్టు కూలి తీగ తెగితే గంటలకొద్దీ పోతుంది. నీళ్లు కదలకపోతే ప్రాణవాయువు అందదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఇంట్లో ఉండాలి. ఇన్వర్టర్‌ ఉంటే లైటుకీ చిల్లర్‌కీ కాదు, నీటిని కదిలించే పంపుకి ముందు కలపాలి. లైటు రోజంతా లేకపోయినా నష్టం లేదు. నీటి కదలిక ఆగితేనే ప్రమాదం. చాలామంది తొట్టి కొనేటప్పుడు చిల్లర్‌ సంగతి ఆలోచించరు. కొన్నిచోట్ల దాని ఖరీదు తొట్టి ఖరీదుని మించుతుంది. ఎండాకాలం నాలుగు నెలల కరెంటు బిల్లు కూడా లెక్కేసుకున్నాకే దిగడం మంచిది.

రాయి కాదు... చెట్టూ కాదు

పగడం అనగానే మనకి ఉంగరంలో ఎర్రటి పూస గుర్తొస్తుంది. నవరత్నాల్లో ఒకటి, కుజుడికి ప్రీతి అంటారు. ఆ ఎర్రపగడం ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో దొరికే వేరే జాతి. దిబ్బలు కట్టేది అది కాదు.

దిబ్బలు కట్టే పగడం ఓ జంతువు. గోటి కొన అంత ఉండే మెత్తటి జీవులు వేలకొద్దీ ఒకదానికొకటి అంటుకుని బతుకుతాయి. ప్రతిదానికీ ఓ నోరు, చుట్టూ చిన్న చేతులు. నీటిలోని కాల్షియాన్ని తీసుకుని కాళ్ల కింద సున్నపురాయి గూడు కట్టుకుంటూ పోతాయి. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. అది ఎండతో ఆహారం వండి ఇంటి యజమానికి పెడుతుంది. బదులుగా యజమాని నీడనిస్తుంది. పగడానికి ఆ రంగుల్లో ఎక్కువ భాగం ఈ అద్దెదారు వల్లే.

నీళ్లు వేడెక్కితే ఈ స్నేహం చెడుతుంది. పగడం నాచుని బయటికి వెళ్లగొడుతుంది. తెల్లగా పాలిపోతుంది. వెంటనే చావదు, పస్తులుంటుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే పోతుంది. సముద్రంలో మామూలు వేసవి వేడిని మించి ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మన దిబ్బలు ఇలాగే తెల్లబోయాయి. 2024లో లక్షద్వీప్‌లో పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయని కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రకటించింది. ఆ ఏడాది ఏప్రిల్లోనే, ప్రపంచమంతటా ఇలా జరగడం ఇది నాలుగోసారని శాస్త్రవేత్తలు తేల్చారు.

ఈ సంగతి తెలిశాక మా హాల్లోని 31 డిగ్రీలు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. మేం ఫ్యాను పెట్టుకున్నాం. సముద్రానికి ఎవరు పెడతారు?

విదేశాల్లో ఇళ్లలో పగడాలు పెంచేవాళ్లు లెక్కలు తూచా తప్పకుండా పాటిస్తారు. లీటరుకి కాల్షియం 400 నుంచి 450 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,250 నుంచి 1,350, క్షారత 8 నుంచి 10 డిగ్రీలు. పగడం ఎదిగేకొద్దీ గూడు కోసం ఈ ఖనిజాలు వాడేస్తుంది కాబట్టి మళ్లీ మళ్లీ కలపాలి. నీలం ఎక్కువగా ఉండే ప్రత్యేకమైన లైటు రోజుకు ఎనిమిది, పది గంటలు. అలల్లా అటూఇటూ నీటిని తోసే పంపు. అన్నిటికంటే ముఖ్యం నిలకడ. అంకె కాస్త అటూఇటూగా ఉన్నా పగడం సర్దుకుంటుంది. పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటే మాత్రం తట్టుకోలేదు.

తడి కాగితంలో చుట్టిన నేరం

మరి మనమూ పెంచుకోవచ్చా?

రెండో జత చేపల్ని కొన్నప్పుడు ఓ షాపతను లోపలి గదిలోంచి ఓ చిన్న పొట్లం తెచ్చాడు. తడి న్యూస్‌పేపర్లో చుట్టిన పగడపు కొమ్మ. 'ఎవరికీ చూపించను మేడమ్‌, మీకు కాబట్టి...' అన్నాడు. చూడముచ్చటగా ఉంది. ధర విని వెనక్కి తగ్గాను. నిజం చెప్పాలంటే, చట్టం తెలిసి కాదు. చట్టం ఆ తర్వాతే తెలిసింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2001 జులైలో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ అందులో మొదటి షెడ్యూల్లో చేర్చారు. అంటే పులికి, ఏనుగుకి ఉన్న రక్షణే! నల్లపగడం, ఆర్గాన్‌ పైప్‌ పగడం, ఫైర్‌ కోరల్‌, సముద్రపు విసనకర్రలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. సముద్రగుర్రాలు కూడా అప్పుడే షెడ్యూలుకెక్కాయి. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్లు తిరగరాసినా గట్టి పగడాలకి ఈ రక్షణ పోలేదు. మొదటి షెడ్యూలు జీవుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం పాతికవేల రూపాయల జరిమానా. బతికున్నదే కాదు, చచ్చిన పగడమైనా అంతే. షోకేసులో పెట్టుకునే తెల్లటి కొమ్మలూ, తొట్టిలో అలంకారానికి వేసే పగడపు రాళ్లూ దీని కిందికే వస్తాయి.

'ఇది ఇండోనేసియాది మేడమ్‌' అని షాపువాళ్లు చెప్పొచ్చు. నోటిమాట చెల్లదు. గట్టి పగడాల అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా సైటీస్‌ ఒప్పందం ప్రకారం ఆంక్షలున్నాయి. అనుమతి కాగితాలు లేకుండా అది దేశంలోకి రాకూడదు.

జొయాంథిడ్‌లు, మష్రూమ్‌ కోరల్‌లు లాంటి మెత్తని రకాలు గూడు కట్టవు. 2001 జాబితాలో వాటి పేర్లు లేవు. వాటికోసం వెళ్లేవాళ్లు కూడా శాస్త్రీయ నామం రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి. అనుమానముంటే కొనకముందే అటవీ శాఖని అడగడం మేలు. ఇంట్లో పిల్లలుంటే మరో హెచ్చరిక. కొన్ని జొయాంథిడ్‌లలో పాలీటాక్సిన్‌ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ఇవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో మరిగించి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకి కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. చేతులకి గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. మరిగించడం, బ్రష్షుతో రుద్దడం అసలే వద్దు.

చేప ఎక్కడిది?

పగడం సంగతి తేలింది. మరి చేపలు? వాటికీ పుట్టిల్లు అడగాలి.

ఫిలిప్పీన్స్‌, ఇండోనేసియా లాంటి చోట్ల కొందరు దశాబ్దాలుగా సైనైడ్‌ చల్లి చేపల్ని మత్తులో ముంచి పడుతున్నారు. ఆ విషానికి దిబ్బలోని పగడాలు చచ్చిపోతాయి. పట్టుబడ్డ చేపలూ చాలావరకు ఎక్కువకాలం బతకవు. షాపులో మిలమిలలాడిన చేప కారణం తెలియకుండా పోవడానికి ఇదీ ఓ కారణం కావచ్చు.

క్లౌన్‌ ఫిష్‌ విషయంలో మనకి మంచి దారి ఉంది. దాన్ని తొట్టెల్లోనే పుట్టించి పెంచవచ్చు. మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు విఝింజం, మండపం కేంద్రాల్లో ఈ విధానాన్ని ఎప్పుడో అభివృద్ధి చేశారు. ఇలా పుట్టిన పిల్లలు గాజుపెట్టెకి, మేతకి పుట్టుకతోనే అలవాటుపడి ఉంటాయి. పైగా వాటికి సీ అనిమోన్‌ లేకపోయినా ఇబ్బంది లేదు. 'డోరీ' అనుకుంటూ పిల్లలు అడిగే నీలి చేప సంగతి అలా కాదు. అది సుమారు అడుగు పొడవు ఎదుగుతుంది. మన ఇళ్లలోని తొట్లు దానికి జైలే. దాన్ని తొట్టెలో పుట్టించడం 2016లో గానీ సాధ్యం కాలేదు.

కొత్త చేపని నేరుగా పెద్ద తొట్టిలో వెయ్యకూడదు. నెల రోజులు వేరే చిన్న తొట్టిలో ఉంచాలి. ఒంటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు కనిపిస్తే అది క్రిప్టోకార్యాన్‌ అనే పరాన్నజీవి. దానికి రాగి మందు పనిచేస్తుంది, కానీ అదే మందు పగడాలకి, నత్తలకి, రొయ్యలకి ప్రాణాంతకం. అందుకే వైద్యమంతా వేరే తొట్టిలోనే చెయ్యాలి. పెద్ద తొట్టిలోకి రోగం వచ్చేసిందంటే, చేపలన్నిటినీ తీసేసి సుమారు రెండున్నర నెలలు ఖాళీగా ఉంచాలి. తినడానికి చేప దొరక్క ఆ పురుగే నశిస్తుంది.

కుండపెంకు కాపురం

ఇప్పుడు మా తొట్టిలో పగడాల్లేవు. సిమెంటుతో, మట్టితో చేసిన రాళ్లున్నాయి. మూడేళ్లలో వాటి మీద ఊదారంగు నాచు పరుచుకుని నిజం దిబ్బలాగే కనిపిస్తున్నాయి. నాలుగు నత్తలు, ఓ శుభ్రం చేసే రొయ్య, ఆ రెండు క్లౌన్‌ చేపలు. మూల ఓ పగిలిన మట్టికుండ పెంకు. అది మా అత్తయ్యగారి సలహా... 'పాపం ఎక్కడో ఒకచోట తలదాచుకోనివ్వండి' అని ఆవిడే వేయించారు.

క్లౌన్‌ చేపల కుటుంబం తమాషాగా ఉంటుంది. పుట్టినప్పుడు అన్నీ మగవైపే ఉంటాయి. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. అది చనిపోతే దాని జత మగది ఆడదవుతుంది. ఈ లెక్కన సినిమాలో నీమో వాళ్ల నాన్న, తల్లి పోయాక, అమ్మగా మారాలి! ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మాయి ఓ రోజంతా నవ్వింది.

కిందటి ఏడాది సంక్రాంతి ముందు ఓ సాయంత్రం అదే పెంకు లోపలివైపు నారింజరంగు చుక్కలు కనిపించాయి. వందల్లో... గుడ్లు! మగచేప పక్కనే నిలబడి రెక్కలతో విసురుతూనే ఉంది. పాడైనవాటిని నోటితో ఏరేస్తోంది. ఐదోరోజుకి రంగు ముదిరింది. ఏడోరోజుకి ఒక్కో గుడ్డులో రెండు వెండి చుక్కలు మెరిశాయి. కళ్లు. ఎనిమిదో రాత్రి లైటు ఆర్పాక పొదిగాయి.

ఒక్కటీ బతకలేదు. ఆ పిల్లలకి కంటికి కనిపించనంత చిన్న రోటిఫర్‌లు అనే జీవుల్ని మేతగా పెట్టాలి. వాటిని ముందే వేరే పాత్రలో పెంచి ఉంచుకోవాలి. మా దగ్గర లేవు. పొద్దున లేచి మా అమ్మాయి తొట్టి ముందు చాలాసేపు కూర్చుంది. ఈసారి 'ఎందుకు చచ్చిపోయాయి' అని అడగలేదు. దానికి తెలుసు. 'అమ్మా, రోటిఫర్లు ఎక్కడ దొరుకుతాయి?' అనడిగింది.

మళ్లీ గుడ్లు పెడతాయి. రెండు మూడు వారాలకోసారి పెడుతూనే ఉంటాయట. వంటింటి గట్టు మీద ఇప్పుడు ఓ పచ్చటి నీళ్ల సీసా ఉంది. పచ్చళ్ల జాడీల పక్కన... ఎవరూ పారబొయ్యకుండా మా అమ్మాయి దానిమీద చీటీ అతికించింది.

తొట్టి పెట్టాలనుకుంటున్నారా?

* చిన్న తొట్టి తేలిక అనుకోవద్దు. నీళ్లు ఎంత తక్కువైతే వేడి, ఉప్పు అంత త్వరగా మారిపోతాయి. కొత్తవాళ్లు వంద లీటర్లకి తగ్గకుండా చూసుకోవాలి. గుండ్రటి గాజుగిన్నెలు వద్దేవద్దు.

* నీళ్లు, గాజు, రాళ్లు కలిస్తే వంద లీటర్ల తొట్టి నూట యాభై కిలోలు దాటుతుంది. టీవీ స్టాండు మీద పెట్టొద్దు.

* కిటికీ పక్కన, ఎండ పడేచోట పెట్టొద్దు. వేడి, పాచి రెండూ పెరుగుతాయి.

* చేపల కంటే ముందు కొనాల్సినవి: రిఫ్రాక్టోమీటర్‌, థర్మామీటర్‌, అమ్మోనియా - నైట్రైట్‌ - నైట్రేట్‌ పరీక్ష కిట్‌, టీడీఎస్‌ మీటర్‌.

* తొట్టిలో చెయ్యి పెట్టేముందు సబ్బు, హ్యాండ్‌ క్రీము, దోమల మందు ఏదీ లేకుండా మంచినీళ్లతో కడుక్కోవాలి. గదిలో దోమల స్ప్రే కొట్టొద్దు.

* తడిచేత్తో ప్లగ్గులు ముట్టుకోవద్దు. వైరు ముందు కిందికి వేలాడి తర్వాత ప్లగ్గుకి వెళ్లేలా చూస్తే, నీటిచుక్క జారినా ప్లగ్గులోకి చేరదు.

* పెంచలేమనిపిస్తే చేపల్ని చెరువులో వదలొద్దు. ఉప్పునీటి చేప కాప్రా చెరువులో బతకదు. తెలిసినవాళ్లకి ఇచ్చెయ్యండి.

* సజీవ పగడాలు చూడాలనుందా? శ్రీకాకుళం, విశాఖల నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న అండమాన్‌కి వెళ్లండి. వండూర్‌ దగ్గరి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు 1983లో ఏర్పాటైంది. అడుగున గాజు ఉన్న పడవల్లోంచి పగడాల్ని వాటి ఇంట్లోనే చూడొచ్చు. రాయే కదా అని ఒక్క ముక్క కూడా సంచిలో వేసుకోకండి.